రెండుసార్లు ఇచ్చిన కోడి

ఆ రోజుల్లో, అంటే నిజాం రాజ్యంలో, మా ఎల్లారెడ్డి ఊరి చర్చిలో కోత పండుగ కానుకంటే డబ్బు కాదు, చేత పట్టుకుపోయేదే. కొత్త వడ్లు, మక్క కంకులు, గుమ్మడికాయలు, ఎవరింట ఏది పండితే అది. ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటగా ఉంటుంది గానీ, నాకు పదేళ్లున్న ఆ ఏడు మాత్రం ఆ పండుగ మీద పట్టరాని కోపం వచ్చింది. వానల్లేక మా ఇంట ఏమీ పండకపోతే, మా అవ్వ నా కోడిని పట్టుకుపోయింది. (నాది అని నేనే అనుకునేదాన్ని. బాపు కామారెడ్డి నుంచి వస్తూ పిల్లగా తెచ్చి నా ఒళ్లో వేశాడు.) నేను ఏడిస్తే అవ్వ ఒక్కటే మాటంది: “యేసయ్య మనకు తన దగ్గర మిగిలింది ఇయ్యలేదు బిడ్డా, తననే ఇచ్చిండు.” అది విని నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

పాస్టరుగారు ఆ కోడిని మా వెనక వాడలోని సన్నక్కకు ఇచ్చారు. ఆమె మా చర్చికి వచ్చే మనిషి కాదు. కూలికి పోయి బతికేది, చలిజ్వరంతో నెలరోజులుగా మంచం దిగలేదు. గుడ్లు తింటే కోలుకుంటుందని ఆయన ఆశ. కోడికి ఇవన్నీ ఏం తెలుసు, మర్నాడే నడుచుకుంటూ మా ఇంటికి వచ్చేసింది. అవ్వ తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి అవ్వ చూడకముందే గంప కింద మూసేసి, అది కొక్కొక్కమన్నప్పుడల్లా గొంతెత్తి కీర్తనలు పాడాను. నాకు భక్తి కుదిరిందని మురిసిపోయి అవ్వ కూడా గొంతు కలిపింది. (దేవుడు క్షమించాలి, బాగానే పాడాం.) మధ్యాహ్నానికి కోడి గుడ్డు పెట్టి, మా ఇద్దరినీ మించి అరిచింది. అవ్వ గంప ఎత్తి చూసింది. తిట్టలేదు. కోడినీ గుడ్డునూ పట్టుకుని తనతో రమ్మంది.

సన్నక్క మంచంలో లేదు. ఇంటి వెనక కంచె పట్టుకుని, కర్రతో పొదలు కదుపుతూ వెతుకుతోంది. మా వైపు తిరక్కముందే అవ్వ గొంతు విని తల దించుకుంది. “నీ కోడిని పోగొట్టిన అవ్వా. నీకు మొఖమెట్ల సూపెట్టాల్నని పొద్దటిసంది తిరుగుతున్న,” అంది. అవ్వ నన్ను ముందుకు తోసింది.

“పోలేదక్కా, నేనే దాచిన,” అన్నాను. కోడిని ఆమె చేతుల్లో పెట్టాను. “ఇగ ఇది నీదే. నేనే ఇస్తున్న.”

ఆమె కోప్పడలేదు. ఆ గుడ్డును ఉడకబెట్టి, దారంతో రెండు ముక్కలు చేసి, పెద్దది నా చేతిలో పెట్టింది. వద్దంటే వినలేదు. ఆమెకు చెందాల్సిన ఆ ముక్కను తినలేక తినలేక తిన్నాను. మళ్లీ రాకుండా కోడి కాలికి వారం దాకా తాడు కట్టమని సలహా ఇచ్చిందీ నేనే. ఒట్టి చేతులతో ఇంటికి నడుస్తుంటే ఒళ్లంతా తేలికై, ఎందుకో తెలియని సంతోషం పొంగుకొచ్చింది. మొన్ననే అంత ఏడ్చినదాన్ని, ఇంత సంతోషం అవ్వకు కనబడితే సిగ్గని వెనకబడి నడిచాను.

ఇప్పుడు ముసలిదాన్నయ్యాను. ఎవరికైనా చీర ఇవ్వాలంటే నా చెయ్యి ముందు పాతదాని మీదికే పోతుంది. అప్పుడు నన్ను చూసి నాకే నవ్వొస్తుంది. మడతల అడుగున దాచుకున్న మంచిదాన్ని తీసి ఇచ్చేస్తాను. అన్నిసార్లూ కాదు.