కోచ్ చెప్పని పేరు

ఆదివారం బేస్‌బాల్ ఆట నుంచి వచ్చి, గరాజ్‌లో మడతకుర్చీ మీద కూర్చుని, షూ లేసులు విప్పుకుంటూనే మా పక్కింటి కోచ్ వెళ్ళిపోయారు. ఒక కాలిది విప్పారు, రెండోది విప్పలేదు. డెబ్బై ఒకటేళ్ళు. గుండె అన్నారు. ఆ కబురు నాకు పక్కింటి నుంచి రాలేదు. వేరే ఊళ్ళో కాలేజీలో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అమ్మా, కోచ్ పోయారట. టీమ్ గ్రూప్‌లో పెట్టారు. నువ్వు ఇంట్లోనే ఉన్నావా?" ఇంట్లోనే ఉన్నాను. వంటింట్లో వారానికి సరిపడా పప్పులు డబ్బాల్లో పోసుకుంటున్నాను. మా రెండు గరాజ్‌ల మధ్య ఉన్నది ఒక నిమ్మచెట్టు, అంతే.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో కాఫీ పోసుకుంటూంటే నా వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "మంచి మనిషి, పాపం" అన్నాడొకాయన. "మంచి మనిషే. కానీ వాడిన మందులు ఊరికే పోతాయా? గుండెని తిని పోతాయి. ఆమధ్య తనే ఒప్పుకున్నాడుగా" అన్నాడు రెండో ఆయన. ఎవరా అని తిరిగి చూస్తే, కోచ్ ఆదివారాలు ఆడే లీగులో, ఎదురు జట్టుకి బంతి విసిరే పిచర్, రిటైరైన బ్యాంకు మేనేజరు. గొంతులో విషమేమీ లేదు. ఈ ఏడు ఎండలు ఎక్కువ అన్నంత మామూలుగా అన్నాడు.

ఆ ఒప్పుకోవడం ఏమిటో, దాని వెనక ఎవరున్నారో ఆ హాల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కాఫీ కప్పు అక్కడే పెట్టేసి ఇంటికొచ్చేశాను.

మేం అమెరికాలో ఈ చాండ్లర్ ఊరికి వచ్చిన కొత్తలో కోచ్‌ని చూసి కొంచెం భయపడ్డాను. పొడుగ్గా, ఎండకి కందిన మెడతో, పొద్దున్నే డ్రైవ్‌వేలో నిలబడి గాలిలో బ్యాట్ ఊపుకుంటూ ఉండేవారు. షేక్ హ్యాండ్ ఇస్తే అల్లం కొమ్ము పట్టుకున్నట్టుండేది. క్యాచర్‌గా, అంటే మన వికెట్ కీపర్‌లాగా, ఇరవై ఏళ్ళు బంతులు పట్టీ పట్టీ ఆ వేళ్ళు ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిరిగి ఉండేవి. ఆట మానేశాక స్కూల్లో వ్యాయామం టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టుకి మాత్రం జీతం లేకుండా కోచింగ్ ఇచ్చేవారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు, గోడకేసి బంతి కొట్టుకుంటూంటే చూసి, "ఆ గోడకి నీ మీద కోపం లేదు, నెమ్మదిగా విసురు" అన్నారట. అలా మొదలైంది.

మెచ్చుకోవడంలో మహా పిసినారి. "ఫర్వాలేదు" అంటే పిల్లలు పండగ చేసుకునేవాళ్ళు. సిగ్నల్ ఇవ్వకుండా లేన్ మారేవాళ్ళని మాత్రం నోరారా తిట్టేవారు. మా పులిహోరలో కెచప్ కలుపుకుని తినేవారు. నేను మొహం తిప్పుకుంటే, "నీ అన్నం నువ్వు చూసుకో" అనేవారు.

ఒక టోర్నమెంటులో చివరి బంతి. మా అమ్మాయి పరిగెత్తి, దూకి, నేలకి రెండంగుళాల ఎత్తున పట్టుకున్నట్టే కనిపించింది. అంపైర్ అవుట్ ఇచ్చాడు. మా వాళ్ళు గెలిచినట్టే. పేరెంట్స్ అందరం లేచి అరుస్తున్నాం. కోచ్ దాని దగ్గరికి నడిచి వెళ్ళి, "పట్టావా?" అని అడిగారు. అంతే, ఇంకో మాట లేదు. అది తల అడ్డంగా ఊపింది. ఆయన తిన్నగా అంపైర్ దగ్గరికి వెళ్ళి, బంతి ముందే నేలకి తగిలిందని చెప్పారు. మేం ఓడిపోయాం. కార్‌లో నాకు ఒళ్ళు మండిపోయింది. "నిన్నెవరు చెప్పమన్నారే?" అన్నాను. "ఆయన అడిగారమ్మా" అంది వెనకసీట్లోంచి. ఆ సాయంత్రం ఆయన్నే నిలదీశాను. "అంపైర్ తప్పు చేస్తే అది ఆయన తప్పు. మనకి తెలిసీ ఊరుకుంటే అది మన దగ్గరే ఉండిపోతుంది" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. పన్నెండేళ్ళు కూడా నిండని పిల్లకి ఇంత బరువెందుకు అనిపించింది.

ఆయన మీద నాకు అనుమానం కూడా ఉండేది, దాచనెందుకు? నా ఉద్యోగమే అనుమానం. చిప్పులు చేసే ఫ్యాక్టరీలో, బాగున్నట్టు కనిపించేదాంట్లో లోపం వెతకడం నా పని. కోచ్ గురించి వీధిలో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. చిన్న లీగుల్లో పదిహేనేళ్ళు ఎవరికీ తెలియకుండా ఆడిన మనిషి, ముప్ఫై ఏడో ఏట, అందరూ ఆట మానే వయసులో, ఒక్కసారిగా అంతకు ముందుకంటే రెట్టింపు హోమ్ రన్లు, అంటే మన సిక్సర్లలాంటివి, కొట్టారు. పెద్ద లీగు వాళ్ళు పిలిచారు. ఆరు వారాలు ఆడారు. ఈలోగా ఊరి పేపర్లో ఎవరో రాశారు, ఈ వయసులో ఈ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందోనని. ఆ రోజుల్లో ఆటగాళ్ళకి మందుల పరీక్షలు ఇప్పట్లా లేవు. తప్పు చేశాడని తేలలేదు, చేయలేదనీ తేలలేదు. తర్వాతి ఏడాది ఎవరూ పిలవలేదు.

ఆయన్ని అడిగితే, "ఆ చలికాలం కళ్ళజోడు పెట్టించుకున్నాను. బంతి కనిపించింది, కొట్టాను" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఆరేళ్ళ కిందట, మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు, మా అమ్మ గుంటూరు నుంచి చలికాలానికి వచ్చింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. కోచ్‌కీ అంతే. అరవై దాటినవాళ్ళ లీగులో ప్రతి ఆదివారం ఆడి వచ్చి, గరాజ్‌లో మోకాళ్ళకి ఐస్ కట్టుకుని కూర్చునేవారు. అమ్మ మా వైపు కుర్చీ వేసుకునేది. ఒకరి భాష ఒకరికి రాదు. మోకాలు చూపించుకుని, మొహం చిట్లించుకుని, గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారనేది. ఆయన అమ్మని అమ్మ అనేవారు, మేమంతా అలాగే పిలుస్తాం కాబట్టి.

ఒకరోజు అమ్మ లోపలికెళ్ళి, కాగితం పొట్లంలో నల్లటి మాత్రలు తెచ్చింది. ఊళ్ళో ఒక నాటువైద్యుడిచ్చినవి. "అన్నయ్యగారూ, రెండు పూటలా అన్నం తిన్నాక ఒకటి. వారంలో పరిగెత్తకపోతే నన్నడగండి." నాతో, "చెప్పవే ఆయనకి" అంది. చెప్పాను. ఆయన పొట్లం విప్పి, వాసన చూసి, "ఇందులో ఏముంది?" అన్నారు.

"ఏముందమ్మా ఇందులో?" అన్నాను అమ్మతో.

"ఆకులు. ఇంకేముంటాయి?"

"ఆకులట" అన్నాను. ఆయన అమ్మ మొహం చూశారు. అక్కడే ఒకటి నోట్లో వేసుకున్నారు. కాదంటే అమ్మ నొచ్చుకుంటుందని వేసుకున్నారని నాకప్పుడే తెలుసు.

వారం తిరక్కుండా ఆయన నడక మారింది. రెండు ఆదివారాలు వరసగా ఆయన ఆడిన తీరు చూసి అందరూ నోళ్ళు తెరిచారు. రెండో ఆదివారం బంతిని రెండుసార్లు కంచె దాటించారు, అరవై అయిదేళ్ళ మనిషి. "ఏం తింటున్నావురా ముసలోడా?" అని అరిచాడు పిచర్. "పక్కింటి పప్పు!" అన్నారు కోచ్.

ఆ వారంలోనే విజయవాడలో మందుల షాపున్న మా తమ్ముడితో మాట్లాడుతూ ఈ సంగతి సరదాగా చెప్పాను. వాడు నవ్వలేదు. "అక్కా, వాటిలో స్టెరాయిడ్ కలుపుతారు. ఇక్కడ అందరికీ తెలుసు. లేకపోతే అంత తొందరగా ఎలా తగ్గుతుంది? అమ్మ చేత మాన్పించు, ఆయన్నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళమను."

రెండు రోజులు కోచ్‌కి చెప్పలేకపోయాను. మూడోరోజు చెప్పాను. అది కండలు పెంచే రకం కాదని, వాపు తగ్గించేదని, తమ్ముడు చెప్పిన తేడా కూడా వివరంగా చెప్పాను. ఆయన చాలాసేపు ఐస్ మూట సర్దుకున్నారు. "పేరు అదేగా" అన్నారు చివరికి.

"కోచ్, ఒకటడగనా? అప్పుడు, ఆ ముప్ఫై ఏడో ఏట..."

"ఎప్పుడు అడుగుతావా అనుకున్నాను" అన్నారు. "వాడలేదనే చెప్పాను. వాడినవాళ్ళూ అదే మాట చెప్పారు, అదే గొంతుతో. వాళ్ళు నా దగ్గర్నుంచి తీసుకుపోయింది ఆట కాదు. నా 'లేదు' అన్న మాటని తీసుకుపోయారు. ఇప్పుడు దానికి విలువ లేదు. నువ్వూ నమ్మకపోతే నేనేమీ అనుకోను."

నిజం చెప్పాలంటే, అప్పుడు కూడా నా మనసులో ఒక మూల అనిపించింది, అబద్ధమాడేవాడు కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడతాడని.

ఆ ఆదివారం ఆట మొదలవకముందు ఆయన టోపీ తీసి మైదానం మధ్యకి వెళ్ళి రెండు జట్లనీ పిలిచారు. "మోకాలికి ఒక మందు వాడాను. అందులో స్టెరాయిడ్ ఉండొచ్చట. నాకు తెలియదు. తెలుసుకోకుండా మింగడం నా తప్పు. ఆ రెండు ఆటలూ మేం ఓడినట్టు రాసుకోండి" అన్నారు. సొంత జట్టువాళ్ళే తల పట్టుకున్నారు. "ఎవరైనా అడిగారా నిన్ను?" అని ఒకాయన గొణిగాడు. పిచర్ చేతిలో బంతి ఎగరేసి పట్టుకుంటూ, "అంటే పాత అలవాటు పోలేదన్నమాట" అన్నాడు. కొందరు నవ్వారు.

కోచ్ ఆయన మొహంలోకి చూసి ఊరుకున్నారు. నేను మైదానం పక్కన మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మాట నాలిక చివరిదాకా వచ్చింది. పక్కన అమ్మ కమలాపండు ఒలుస్తూ, "ఏమంటున్నారే అన్నయ్యగారు?" అంది. "ఏం లేదమ్మా, ఆట గురించి" అన్నాను.

ఇంటికొచ్చాక, "నేను చెప్తాను కోచ్, అవి మావని" అన్నాను. "అమ్మని లాగకు. మంచి చేద్దామనుకుంది. పరాయి ఊళ్ళో ఆవిడకి తలవంపులెందుకు?" అన్నారు. ఆ మాటని నేను అనుమతిగా తీసుకున్నాను. హాయిగా తీసుకున్నాను. మాత్రలు కడుపుకి మంచివి కావట అని చెప్పి అమ్మ చేత మాన్పించాను. కోచ్ ఒక నెల ఆడకుండా కూర్చుని, తర్వాత మళ్ళీ పాత నడకతో, పాత ఐస్ మూటలతో ఆడారు. ఆయన రెండోసారి దొరికిపోయాడన్న కథ మాత్రం లీగులో స్థిరపడిపోయింది. తనంతట తను చెప్పాడన్న సంగతి ఏటేటా అరిగిపోయి, చివరికి ఒప్పుకున్నాడు అన్న ముక్క మిగిలింది.

చర్చి నుంచి వచ్చిన రోజే అమ్మకి వీడియో కాల్ చేశాను. అన్నయ్యగారు పోయారనగానే కొంగుతో కళ్ళొత్తుకుంది. అప్పుడు మొత్తం చెప్పాను, మాత్రల దగ్గర్నుంచి హాల్లో విన్న మాట వరకు.

"అవి నేనిచ్చానని ఆయన చెప్పలేదా?"

"లేదు."

"నువ్వో?"

"నీకు చిన్నతనంగా ఉంటుందని..."

"నాకేం చిన్నతనమే! తెలీక ఇచ్చాను. ఇచ్చింది నేనూ, నింద మోసింది ఆయనా? ఆరేళ్ళా? ఇంత చదువూ చదివి ఏం లాభమే?" కాసేపు ఫోన్ పక్కకి పెట్టేసింది. సీలింగ్ ఫ్యాన్ కనిపించింది. మళ్ళీ మొహం వచ్చింది. "వెళ్ళి నా పేరు చెప్పు. ఇంటిపేరుతో సహా చెప్పు."

తర్వాతి ఆదివారం ఆట అయ్యాక కోచ్ కోసం అందరూ మైదానంలో గుండ్రంగా నిలబడ్డారు. ఎవరైనా మాట్లాడతారా అన్నారు. రోజూ మీటింగుల్లో గలగలా వచ్చే నా ఇంగ్లిష్ ఆ రోజు తడబడింది. మాత్రలు మా అమ్మవని చెప్పాను. తెలుగులో అడిగి ఇంగ్లిష్‌లో చెప్పింది నేనని, ఆకులేనని నేనే అన్నానని చెప్పాను. మా అమ్మ పేరు చెప్పాను.

పిచర్ ఆ పేరు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. తప్పుగానే, కానీ శ్రద్ధగా, ఒకసారి పైకి పలికాడు. "అలవాటు పోలేదన్నాను వాడితో" అన్నాడు నేల చూస్తూ. "ఆ మాట మోసుకుంటూ ఆరేళ్ళు నాకెదురుగా ఆడాడు. ఒక్కసారైనా తిరిగి అనలేదు." తర్వాత ఇంకేదో అనబోయి, "మీ అమ్మగారి మోకాళ్ళెలా ఉన్నాయిప్పుడు?" అన్నాడు.

"నొప్పులే" అన్నాను.

"అందరికీ అంతే" అన్నాడు.

ఆ ముప్ఫై ఏడో ఏట ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరూ ఇక లేరు. ఇప్పుడు నేను కళ్ళజోడునే నమ్ముతున్నాను. రుజువు లేకుండా ఒక మాట నమ్మడం నా జీవితంలో ఇదే మొదటిసారేమో.

ఎండ ముదురుతోంది. వాళ్ళంతా బ్యాగులు భుజాన వేసుకుని పార్కింగ్ వైపు బయల్దేరారు. ఒకాయన కుడికాలు ఈడుస్తున్నాడు. ఒకాయన నడుం మీద చెయ్యేసుకుని నడుస్తున్నాడు. పిచర్ విసిరే చేతిని రెండో చేత్తో పట్టుకుని మోసుకెళ్తున్నాడు. ఏ ఇద్దరి కుంటుడూ ఒకలా లేదు. మట్టి దాటి తారు మీదకి వచ్చేసరికి ఆట షూల అడుగున ఉండే మేకులు టకటకమని మోగాయి, ఒక్కొక్కరిదీ ఒక్కో లయలో. కార్ల తలుపులు మూసుకునేదాకా ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను.