వెనక్కి పోని లారీ

ఆ రోజుల్లో నర్మెట్ట చుట్టుపక్కల ఏ బావి మీద ఆయిల్ ఇంజన్ దగ్గినా నన్నే పిలిచేవారు. నాకు ఇరవై రెండేళ్లు. ఏ ఐటీఐ గడపా తొక్కలేదు. విప్పి, పాడుచేసి, మళ్లీ బిగించి నేర్చుకున్న విద్య. గట్టు మీద నిలబడి చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పేవాణ్ని. విప్పితే అక్కడే అరిగి ఉండేది. ఇన్ని ఇంజన్లను బతికించిన మనిషి గురించి మావాళ్లు పెళ్లిళ్లలోనూ దినాల్లోనూ చెప్పుకునేది మాత్రం ఒక్క లారీ సంగతి! అదీ సగమే. (మిగతా సగం నేను చెప్పబోతే భోజనాలకు లేస్తారు.) ఇన్నేళ్లు ఓర్చుకున్నాను. ఇవాళ మొత్తం రాస్తున్నాను.

మా అక్కా బావా కాడెడ్లను అమ్మి పాత లారీ కొనాలనుకున్నారు. జనగామ మార్కెట్‌కు మక్కజొన్నలు, పత్తి తోలితే బతుకు మారుతుందని బావ ఆశ. ఆయనకు ట్రాక్టరు నడిపిన అలవాటుంది. అక్కకే భయం. "ఎడ్లు పోయినయ్ తమ్మీ. గిది గిన నడువకుంటె మీ బావ కూలికి పోవాలె. జర మంచిగ చూడు" అంది. "నేనున్న గదక్కా" అన్నాను.

ముగ్గురం భూపాలపల్లి పోయాం. అమ్మేవాడు సన్నమీసాల సేటు. లారీని రోడ్డు వైపు ముఖం పెట్టి సిద్ధంగా నిలిపాడు. నేను బానెట్ మీద చేయి వేశాను, వెచ్చగా ఉంది. "మేం రాకముందే ఇంజన్ నడిపి పెట్టినవా సేటూ?" అంటే అతని మీసం కదిలింది. చల్లారేదాకా ముట్టుకోనన్నాను. (వేడెక్కిన ఇంజన్ ఎవరికైనా బాగానే కనిపిస్తుంది.) రెండు గంటలు అందరినీ కూర్చోబెట్టి, అప్పుడు స్టార్టు చేయించాను. పొగ రంగు చూశాను, ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్దాను, పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కూ ఇంకో కొస చెవికీ ఆనించి విన్నాను. "బోరు మంచిగున్నది, సిలిండర్లు అరగలే. మూడో ఇంజెక్టరు కారుతున్నది" అన్నాను. రోడ్డెక్కిస్తే రెండో గేరు ఊడి న్యూట్రల్‌లో పడుతోంది; ఎత్తు మీద ఇంజన్ అరుస్తోంది కానీ బండి లాగడం లేదు, అంటే క్లచ్ ప్లేటు అరిగింది. తర్వాత విప్పి చూస్తే ఇందులో ఒక్కటీ తప్పు కాలేదు. ఈ మాట ఎవరూ చెప్పరు!

రోడ్డు పక్కన ఆపి దిగాక అక్క మెల్లగా అడిగింది: "ఎనకకు గూడ పోతదా తమ్మీ?"

సేటు చప్పున అందుకున్నాడు. "శుభమాని కొంటున్నరు, ఎనకకు పోవుడెందుకు చెల్లే!"

నేనూ నవ్వాను. "ఇంజన్ మంచిగుంటె అన్ని దిక్కులకు పోతదక్కా" అన్నాను. బావి మీద ఇంజన్ ఉన్నచోటే ఉంటుంది, ముందుకూ పోదు, వెనక్కీ పోదు. అలాంటివాటి దగ్గర పెరిగిన నా బుర్రలో వెనుక అనే దిక్కే లేదు.

ఆ లోపాలు చూపి ధర తగ్గించి కొన్న లారీని తెచ్చి అక్క వాళ్ల సందులో గోడకు ముక్కు ఆనేలా నిలబెట్టాం. తెల్లారి బావ వెనుక గేరు వేశాడు. కర్రుమంది. ఇంజన్ అరిచింది. లారీ కదల్లేదు. చివరికి ఎదురింటి పెద్దాయన దగ్గర రెండు జతల ఎడ్లను అడుక్కుని, మోకులు కట్టి లాగించాం. "ఏంది మిస్త్రీ, ఎడ్లమ్మి లారీ కొంటిరి, లారీకి మల్ల ఎడ్లు కడ్తిరి!" అన్నాడాయన, ఊరంతా వినేలా. జనగామలో అంతకన్నా అవమానం. గోదాము గుమ్మానికి లారీ వెనుకభాగం ఆనిస్తే తప్ప హమాలీలు బస్తా ఎత్తరు. మాది ముఖం చూపిస్తూ నిలబడింది. "ఏందన్నా, పిల్లను చూడొచ్చినవా?" అన్నాడొక హమాలీ. రెండు వారాలు ఒక్క లోడు దొరకలేదు. బావ నిజంగానే కూలికి పోయాడు. అన్నం పెట్టేటప్పుడు అక్క "ఇంకింత ఏస్కో" అనడం మానేసింది.

లారీని మళ్లీ సందులోకి తెచ్చి నాలుగు రోజులు దాని కిందే పడుకున్నాను. గేరుబాక్సు దించి విప్పితే, బండిని వెనక్కి తిప్పే చిన్న చక్రానికి ఒక్క పన్నూ లేదు. మహబూబాబాద్‌లో తుక్కు లారీలు విప్పే కొట్టులో రెండు రోజులు ఇనుము తిరగేసి అలాంటి చక్రమే పట్టుకొచ్చాను. దాన్ని బిగించాను, పనిలో పనిగా రెండో గేరునూ క్లచ్‌నూ సరిచేశాను. బావ ఇంకా చేను నుంచి రాలేదు. నేనే ఎక్కి కూర్చున్నాను. (లైసెన్సు లేదు. రాయకూడదు, అయినా రాస్తున్నాను.) అక్క వెనుక నిలబడి చేయి ఊపింది. "రానియ్ తమ్మీ, రానియ్!"

గేరు మెత్తగా పడింది. లారీ వెనక్కి కదిలింది. సందు చివర ఆపాలి. ఆపలేదు. తల బయట పెట్టి, హారన్ కొట్టుకుంటూ, చాయ్ హోటల్ ముందు నుంచి, నవ్విన ప్రతి ఇంటి ముందు నుంచి, బజారంతా వెనక్కే నడిపాను. లారీ కన్నా ముందు అక్క కొంగు బిగించి, "జరుగున్రి, జరుగున్రి" అని మనుషులనూ మేకలనూ తప్పిస్తూ పరుగు. బస్సులు ఆగే చోట ఆపాను. అక్క ఆయాసంతో వచ్చి డోరు పట్టుకుంది. "ఇగ ముందటికి రావా?" అని ఫక్కున నవ్వింది. "పా, అన్నం తిందువు. పొద్దుగాల మీ బావను కూలికి పోనియ్య. మక్కలు ఎత్తాలె."

అంత దూరం వెనక్కి చూస్తూ నడిపినందుకు మూడు రోజులు మెడ పట్టేసింది. ఎవరు అడిగినా ఎందుకో వివరంగా చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను. ఇప్పుడూ పట్టేస్తుంది. ఏ లారీ నడపకుండానే, ఊరికే, మంచం మీద నుంచి లేచినందుకే.