శనివారం చదువులో తప్పులు పట్టేవాళ్ళు

నాకు ఓపిక తక్కువ. పురాణ కాలక్షేపానికి కూర్చోబెడితే పావుగంటకే ఆవులింతలు మొదలవుతాయి. అలాంటిదాన్ని అమెరికాలో, మేముండే నోవై ఊళ్ళో మా పక్కింటి యూదు పెద్దాయన తన వంటింటి బల్ల దగ్గర గురువారం సాయంత్రాలు కదలకుండా కూర్చోబెట్టారంటే, ఆ గొప్పతనం పూర్తిగా ఆయనదే.

ఆయన కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. భార్య స్కూల్లో లెక్కల టీచరుగా చేశారు. వాళ్ళ ధర్మగ్రంథం తోరాని ఏడాదికి సరిపడా వారానికొక భాగం చొప్పున విడదీసి పెట్టారట పూర్వీకులు. శనివారం పొద్దున వాళ్ళ ప్రార్థనా మందిరం సినగాగ్‌లో పెద్ద తోలు చుట్టను విప్పి, ఆ వారం భాగాన్ని రాగంతో చదువుతారు. నచ్చింది ఏరుకోవడం, నచ్చనిది దాటేయడం కుదరదు. మా పెద్దాయన అలా చదివేవాళ్ళలో ఒకరు. గురువారం ఆయన ఇంట్లో సాధన చేస్తుంటే నేను ఇంగ్లీషు అనువాదం ముందు పెట్టుకుని వినేదాన్ని. అయ్యాక ఒక్కటే అడిగేవారు, ఈ వారం ఇందులో మనకేముందని.

ఒకసారి దేవుడికి గుడారం కట్టే కొలతలు వచ్చాయి. పలకలెన్ని, కొక్కేలెన్ని, తెరలు ఏ రంగు. కొన్ని వారాలకి మళ్ళీ అవే పలకలు, అవే కొక్కేలు. నాకు ఒళ్ళు మండింది. రాసిందే రాయడానికి ఆ మహానుభావులకి వేరే పని లేదా అని అడిగేశాను. ఆయనకి కోపం రాకపోగా కుర్చీ ముందుకి జరుపుకున్నారు. మొదటిది డిజైన్, రెండోది కట్టాక చేసిన ఇన్‌స్పెక్షన్ అన్నారు. మధ్యలో జనం దేవుణ్ణి వదిలేసి బంగారు దూడని చేసుకుని మొక్కి కొంప ముంచారు కదా, అంత గొడవ జరిగినా కొలత మారలేదని రాసిపెట్టుకోవద్దా అన్నారు. నేను ఆఫీసులో చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పులు పట్టినందుకే నాకు జీతం. ఆ సోమవారం మీటింగ్‌లో మా మేనేజర్, టెస్ట్ చేసిందే మళ్ళీ దేనికని విసుక్కుంటే నాకు ఆ కొక్కేలే గుర్తొచ్చి నవ్వాగలేదు.

మా ఆయనకి ఇదంతా వింతగా ఉండేది. "మన టెంపుల్‌కి డ్రైవ్ చేద్దామంటే స్నో అంటావు, పక్కింటికైతే బూట్లేసుకుని మరీ పరిగెడతావేంటే?" అని ఏడిపించేవాడు. మన గుళ్ళో నా ప్రశ్నలకి ఎవరూ కుర్చీ జరుపుకోరు మరి.

పోయిన ఏడాది ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు. చదివేవాళ్ళకి చెయ్యి చాలా అవసరం. ఆ తోలుని వేలితో తాకకూడదు గనక వెండి పుల్లతో వరసల వెంట చూపించుకుంటూ చదవాలి. చుట్టలో అచ్చుల్ని చూపే చుక్కలు, విరామాలు ఉండవు. పుల్ల జారితే చదివే చోటు తప్పిపోతుంది. అందుకే చదివేవారికి అటొకరు ఇటొకరు అచ్చు పుస్తకంతో నిలబడి, తప్పు దొర్లిన క్షణాన గట్టిగా సరిచేస్తారు. కూర్చున్నవాళ్ళు కూడా అందుకుంటారు. చదివేవారు వెనక్కి వెళ్ళి ఆ మాట మళ్ళీ చదవాల్సిందే. మొదటిసారి సినగాగ్‌కి వెళ్ళి చూసినప్పుడు నేను బిత్తరపోయాను. పెద్దమనిషిని నిండు సభలో అలా పట్టుకుంటారా అని అడిగితే, అందరూ వింటున్నారని అర్థం, అంతకన్నా మర్యాద ఏముందన్నారు ఆయన. అటూ ఇటూ నిలబడే ఇద్దరిలో ఒకరు ఆయన భార్యే.

జనవరి చివర్లో ఒక గురువారం వెళ్ళేసరికి ఆయన సాధన చేయడం లేదు. పుస్తకం మూసి ఉంది. అంతకుముందు శనివారం పుల్ల జారి ఒక మాట తప్పు చదివారట. రెండు వాక్యాలు దాటాక ఆయనకే తెలిసింది. హాల్లో ఒక్కరూ నోరెత్తలేదు. పక్కనున్న భార్య కూడా.

"వాళ్ళు విన్నారు. విని వదిలేశారు. నా మీద జాలిపడ్డారు" అన్నారాయన.

ఆవిడ సింక్ వైపు తిరిగి గిన్నెలు కడుగుతూనే, ఆ చెయ్యి చూసి తనకి తప్పు పట్టడానికి మనసు రాలేదని చెప్పారు. ఇక చదవడం మానేస్తానని ఆయన అప్పటికే వాళ్ళ గురువుగారితో అనేశారట. నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. నా ఇంగ్లీషు పుస్తకం తెరిచి ఆ వారం భాగం పైకి చదివాను. సముద్రం చీలింది, జనం దాటారు, చివర్లో యుద్ధం వచ్చింది. కొండ మీద వాళ్ళ నాయకుడు మోషే చేతులెత్తి ఉంచినంతసేపూ వీళ్ళది గెలుపు, దించితే ఓటమి. చేతులు బరువెక్కాయి. కింద రాయి వేసి కూర్చోబెట్టి, అటొకరు ఇటొకరు ఆయన చేతులు పట్టుకుని పొద్దుగూకేదాకా ఉన్నారు.

"ఈ వారమే రావాలా ఇది" అని ఆయన ఒక నవ్వు నవ్వారు.

నా నోరు ఊరుకోదు కదా. చేతులు పడిపోతున్న ముసలాయన్ని పట్టుకుని వేలాడే బదులు, చేతులు బాగున్న ఇంకొకర్ని నిలబెట్టొచ్చుగా అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం పుస్తకం తన వైపు తిప్పుకుని, నిలబెట్టలేదుగా అన్నారు. ఆవిడ కుళాయి కట్టేశారు.

"చదువుతాను. కానీ ఈసారి కూడా వదిలేశావంటే, ఇదే ఆఖరు" అన్నారు ఆవిడతో.

ఆవిడ తలూపారు.

శనివారం మా ఆయనే మంచు తవ్వి వాళ్ళిద్దరితో సహా అందరినీ కారెక్కించాడు. సముద్రం చీలే చోట హాలంతా లేచి నిలబడింది. అక్కడిదాకా ఆయన గొంతు బాగానే సాగింది. యుద్ధం దగ్గరికొచ్చేసరికి వెండి పుల్ల వరస మీద గెంతడం మొదలెట్టింది. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ఆవిడ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఒక చేత్తో ఆయన మోచెయ్యి కింద పట్టారు. రెండో వైపు పుస్తకంతో నిలబడ్డ మనిషి ఇంకొంచెం దగ్గరికి జరిగి భుజం ఆనించారు. పుల్ల కాస్త కుదుటపడింది.

నాకు హీబ్రూ రాదు. అయినా ఆయన తప్పు చదివారని నాకు తెలిసింది. ఎందుకంటే వెంటనే ఆవిడ గొంతు హాలంతా మోగింది. ముప్పై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన టీచరు గొంతు అది. మోచెయ్యి పట్టిన చెయ్యి మాత్రం అలాగే ఉంది. వెనక వరసల్లోంచి ఇంకో ముగ్గురు నలుగురు అందుకున్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, తుడుచుకోలేదు కూడా.

ఆయన ఆగారు. వెనక్కి వెళ్ళి ఆ మాటని సరిగ్గా చదివారు. చదువుతుంటే మొహమంతా నవ్వే. ఆవిడ మాత్రం నవ్వలేదు. పుస్తకంలో తర్వాతి మాట మీద వేలు పెట్టుకుని, చెవులు రిక్కించి నిలబడ్డారు.