మంద వెనక మొనగాళ్లు

బుద్ధి తెలిసినప్పటి నుంచి గొర్రెల వెనక నడుస్తున్నాడు కదిరప్ప. ముదిగుబ్బ చుట్టూ అతని కాలు పడని గుట్ట లేదు, బీడు లేదు. అట్లాంటివాడి దగ్గరికి, యాభై ఆరేళ్ల వయసులో, నడక నేర్పమని మనుషులొచ్చారు. చెనిక్కాయల వ్యాపారి నాగేశ్వరయ్య, ఆయన వెంట మరో పదిమంది అంగళ్లవాళ్లు. ముక్కోటి ఏకాదశికి తిరుమలకు పాదయాత్ర పోతారట. ఎనిమిది రోజుల దారి. నెల రోజులు కదిరప్ప మంద వెనక తిరిగితే కాళ్లు గట్టిపడతాయని నాగేశ్వరయ్యకు తోచింది.

నడవడం కూడా ఒకరు నేర్పాలా అని కదిరప్పకు నవ్వొచ్చింది. అయినా ఒప్పుకున్నాడు. మూడేళ్ల కిందట భార్య చిన్నక్క కండ్లకు పొరలు కమ్మి, గోడ పట్టుకుని తిరిగే గతి పట్టింది. చూపొస్తే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాడు. ఆపరేషన్ అయింది, చూపొచ్చింది. మొక్కు మాత్రం అట్లే ఉండిపోయింది. అరవై గొర్రెలను ఎవరికి వదిలి పోతాడు?

"మా తోట మనిషి నీ గొర్రెలు చూసుకుంటాడు. నువ్వూ మాతో రాప్పా" అన్నాడు నాగేశ్వరయ్య. ఆ ఒక్క మాట కోసం కదిరప్ప నెల రోజులు ఆ పటాలాన్ని భరించాడు.

తెల్ల బూట్లు, టోపీలు, అడుగులు లెక్కపెట్టే గడియారాలు. ఒకాయనకు ముల్లు గుచ్చుకుంటే తీసేవాడు లేడు గానీ ఫోటో తీసేవాళ్లు నలుగురు. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టినట్టు, వీళ్ల గోలకు మంద బెదిరి కంది చేలో పడింది. చేనివాళ్ల తిట్లన్నీ కదిరప్ప తిన్నాడు. "వీళ్లకంటే నిన్న ఈనిన గొర్రె నయం. పిల్లను ఎంటబెట్టుకోని నాలుగు మైళ్లు నడుస్తాది" అని రోజూ చిన్నక్క దగ్గర ఈసడించుకునేవాడు.

బయలుదేరే రోజు రానే వచ్చింది. మెడల్లో దండలు, వీధి పొడుగునా ఫ్లెక్సీలు. టెంకాయ కొట్టి, గోవిందలు పెట్టి, పెట్రోలు బంకు దాకా నడిచారు. అక్కడ రెండు వ్యాన్లు నిలబడి ఉన్నాయి.

"ఇవి ఎందుకన్నా?" అన్నాడు కదిరప్ప.

"రోడ్డు మీద లారీలు జాస్తి గదప్పా. అలిపిరి దాకా వీటిలో పోయి, ఆడ నించి మెట్లెక్కుతాం. అదీ నడకే గదా." నాగేశ్వరయ్య అప్పటికే సీట్లో కూర్చున్నాడు. "తోట మనిషి గూడా వంటకని మాతోనే వస్తాండాడు. నీకు లడ్డు తెస్తాంలే."

కదిరప్ప ఇంటికొచ్చి గొంగడి విసిరికొట్టాడు. "ఆరంభశూరులు. నెల్లాళ్లు నా మందను చెడగొట్టి ఆఖర్న వ్యానెక్కినారు. వాళ్లవీ ఒక కాళ్లేనా? వాళ్లదీ ఒక భక్తేనా?"

చిన్నక్క దొడ్డి తడిక తీస్తూ అంతా విన్నది. "వాళ్లు నెలకే నడక ఎగ్గొట్టినారు. నువ్వు మూడేండ్ల నించి మొక్కే ఎగ్గొడతాండావు" అన్నది.

"గొర్రెలను ఎవురు చూస్తారు మరి?"

"నా కండ్లకే గదా మొక్కుకున్నావు. ఆ కండ్లతో నేను గొర్రెలు చూడలేనా?"

కదిరప్పకు ఇన్నాళ్లలో ఆమెను ఒక్కసారైనా అడగాలని తోచలేదు. చూపిచ్చినందుకు దేవుడికి దండం పెట్టాడే గానీ, ఆ చూపును తానే నమ్మలేదు. చిన్నక్క అతని చేతిలోంచి కర్ర తీసుకుని మందను బీటికి తోలింది. అతను గొంగడి దులిపి భుజాన వేసుకుని, తలెత్తకుండా కొండకు పోయే కదిరి రోడ్డు పట్టాడు.