డీన్ పోస్టు, నేను మానేసిన ఆదివారాలు

సార్ పోయారన్న కబురు నాకు అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో, రైలు మారుతుండగా అందింది. ఫోన్ చేసింది మా వ్యవసాయ కళాశాల సూపరింటెండెంటు. "సార్, సారు పోయిండ్రట" అన్నాడు. మా కాలేజీలో అందరూ సార్లే. "ఏ సారు?" అన్నాను. "మీ సారే సార్. మిమ్మల్ని చదివించిన పెద్దసారు. పొద్దుగాల గుండెల నొప్పి అన్నరట, దవాఖానకు తీస్కపోయేలోపలనే అయిపోయిందట." అంత వివరంగా చెప్పాక కూడా నేను మళ్లీ "ఏ సారు?" అనే అడిగాను.

సార్ ఇల్లు ఆ స్టేషన్ మెట్లు దిగితే పది నిమిషాల నడక. కళ్లు మూసుకుని వెళ్లగలను. అయినా మెట్లు దిగలేదు. ఎదురుగా తలుపులు తెరిచి ఉన్న రైలెక్కి బేగంపేటలో తేలాను. అక్కడ ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఇక్కడికెందుకొచ్చానా అని కాసేపు ఆలోచించి, అవతలి రైలెక్కి వెనక్కి వచ్చాను. దుఃఖంలో దారి తప్పాను అని రాస్తే బాగానే ఉంటుంది. నిజానికి ఆ ఇంటికి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. నాలుగు నెలలుగా నేను సార్ గడప తొక్కలేదు.

ఎందుకు తొక్కలేదో చెప్పాలంటే ముందు సార్ ఎలాంటివారో చెప్పాలి.

ఆయన విత్తనశాస్త్రం ప్రొఫెసర్. తెనాలి వైపు మనిషి. నేను సిరిసిల్లలో మగ్గాల మధ్య పుట్టి, పొలమంటే బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప ఎరగని వాణ్ని. నా పీహెచ్‌డీకి ఆయన గైడు. రాసిన ప్రతి పేజీ అంచులోనూ ఒకటే ప్రశ్న వేసేవారు: "చూశావా, విన్నావా?" 'ఈ ప్రాంత రైతులు విత్తనం సాధారణంగా గోనెసంచుల్లో దాచుకుంటారు' అని ఒక వాక్యం రాసినందుకు నన్ను మూడుసార్లు ఊళ్లకి తిప్పారు. మూడోసారి తిరిగొచ్చి, "సార్, గోనెసంచుల్లోనే దాస్తున్నారు" అంటే, "నేనేమైనా కాదన్నానా? నువ్వు చూడలేదన్నాను" అన్నారు.

రిటైరయ్యాక అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక సందులో ఫ్లాటు కొనుక్కున్నారు. అలవాటు పోతుందా? కిరాణా కొట్టులో మెంతులు కొన్నా, ధనియాలు కొన్నా గుప్పెడు తీసి తడిగుడ్డలో చుట్టి మొలక పరీక్ష చేసేవారు. ఓసారి నేనూ వెంట ఉన్నాను. మొలకెత్తని మెంతులు పట్టుకెళ్లి కొట్టులో వెనక్కిచ్చారు. "సార్, గివి పోపుల వేస్కునేటివి, చేన్ల చల్లేటివి కావు" అని మొత్తుకున్నాడు కొట్టు యజమాని. "ప్రాణం లేని గింజ పోపులో మాత్రం ఏం రుచి ఇస్తుందయ్యా?" అన్నారు సార్. ఆ కొట్టాయనకి అర్థమైందో లేదో గానీ మెంతులు మాత్రం మార్చి ఇచ్చాడు.

ప్రతి ఆదివారం ఎనిమిదింటికి నేను ఆ ఇంట్లో ఉండేవాణ్ని. సార్ భార్య పెసరట్లు వేసేవారు. సార్ పేపర్లో వ్యవసాయం పేజీ చదివి, రాసినవాణ్ని నాలుగు తిట్టి, ఆ వారం నేను క్లాసులో ఏం చెప్పానో అడిగేవారు. బాగుంది అని ఆయన నోట ఎప్పుడూ వినలేదు. "పర్లేదు" అంటే ఆ రోజు నేను నేల మీద నడిచేవాణ్ని కాదు.

ఇంతలో మా కాలేజీకి కొత్త డీన్‌ని తీసుకుంటామని ప్రకటన వచ్చింది. పోస్టు ఏడాదికి పైగా ఖాళీ. ఇన్‌చార్జి డీన్ ఉన్నారు గానీ ఆయన తన సంతకానికి తనే భయపడే మనిషి. విత్తన ల్యాబు కావాలని నేను పెట్టిన ఫైలు ఆ బల్ల మీదే ముసలిదైపోయింది. అందరూ నన్ను దరఖాస్తు పెట్టమన్నారు. వాళ్లనడం దేనికి, ఆ పోస్టు నాకే కావాలనిపించింది. గట్టిగా కావాలనిపించింది.

దరఖాస్తు ఇచ్చిన వారానికి సూపరింటెండెంటు క్యాంటీన్‌లో నా పక్కన చేరి గొంతు తగ్గించాడు. "సెలెక్షన్ కమిటీల మీ సారు పేరు సుత ఉన్నది సార్. ఇగ మీకేం ఫికర్ లేదు." పాపం, సంతోషంతోనే చెప్పాడు. నాకు మాత్రం ముందు ఆదివారం గుర్తొచ్చింది. రేపు ఆదివారం ఆ ఇంట్లో పెసరట్టు తింటే సోమవారం కాలేజీలో ఏమంటారు? నాకు పోస్టు వస్తే పెసరట్టు వల్ల వచ్చిందంటారు. సార్‌కి మచ్చ. కాబట్టి ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆ ఇంటికి వెళ్లకూడదు, ఫోను చేయకూడదు అని తీర్మానించుకున్నాను. ఎందుకు రావడం లేదో కూడా చెప్పలేదు. చెప్పడమూ సిఫార్సు లాంటిదే అనిపించింది. సార్‌కి అర్థమవుతుందిలే, ఈ పద్ధతులు నేర్పింది ఆయనే కదా అనుకున్నాను. నా నిజాయితీకి నేనే మురిసిపోయిన రోజులవి.

మూడు నెలలకి పంజగుట్టలో, చీరల దుకాణం పైనున్న మా యూనివర్సిటీ సిటీ ఆఫీసులో ఇంటర్వ్యూ పెట్టారు. తలుపు తీసుకుని లోపలికి వెళ్తే సార్ లేరు. ఆయన ఉండాల్సిన చోట ఎవరో తెలియని పెద్దమనిషి కూర్చుని నా ఫైలు తిప్పుతున్నాడు. వచ్చే ఐదేళ్లలో కాలేజీని ఎలా నడుపుతారని అడిగారు. ఆ జవాబు నేను సార్ మొహం చూస్తూ చెప్పాలని తయారు చేసుకున్నాను. ఆ మొహం లేకపోయేసరికి విత్తన ల్యాబు దగ్గర మొదలుపెట్టి విత్తన ల్యాబు దగ్గరే ఆగిపోయాను. పోస్టు బయటి యూనివర్సిటీ ఆయనకి వచ్చింది. మంచివాడే. ఆ ల్యాబు ఫైలు మీద మొదటి వారంలోనే సంతకం పెట్టాడు.

కానీ సార్ ఎందుకు రాలేదు? నా పేరు చూసి తప్పుకున్నారా? నేను పనికిరానని మొహం మీద చెప్పలేకపోయారా? ఒక్కమాట చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ఎటు నుంచి ఆలోచించినా చివరికి కోపం దగ్గరికే చేరేవాణ్ని. ఫోన్ తీసి అడిగితే ఒక్క నిమిషం పని. అడగలేదు. ఇంటర్వ్యూ దాకా మర్యాద కోసం మానేశాను, ఆ తర్వాత అలిగి మానేశాను. రెండింటికీ తేడా అవతలి మనిషికి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్న నాకు అప్పుడు రాలేదు.

దహనం పంజగుట్టలో జరిగింది. బండి ఆ చీరల దుకాణం ముందు నుంచే వెళ్లింది. నేను తల దించుకుని కూర్చున్నాను.

మూడో రోజు వెళ్లినప్పుడు సార్ భార్య నన్ను వంటింట్లోకి పిలిచి, పీట చూపించారు.

"ఏంటి బాబూ, ఇంటి దారే మర్చిపోయావు? అంత పనొచ్చి పడిందా?"

"సార్ కమిటీలో ఉన్నారు కదమ్మా. వస్తే బాగుండదని..."

ఆవిడ అయోమయంగా చూశారు. "కమిటీ ఏంటి? ఆ ఉత్తరం వచ్చిన రోజే నేను రానని రాసి పంపేశారుగా. నీకు తెలీదా?"

"తెలీదమ్మా."

"ఆయన నీకు తెలుసనే అనుకున్నారు. మీ ఆఫీసులో చెప్పరా ఏంటి? వాడికి నేను మార్కులు వేసే రోజులు అయిపోయాయి, కమిటీలో ఉంటే వాడు ఇంటికి రావడం మానేస్తాడు, ఆ మాత్రం దానికి ఆ కుర్చీ ఎందుకు అన్నారు."

ఆవిడే చెప్పుకుపోయారు. "నేను ఫోన్ చేద్దామంటే వద్దనేవారు. ఇంటర్వ్యూకి చదువుకుంటున్నాడు, కదిలించకు అనేవారు. తర్వాతేమో, బాధలో ఉన్నాడు, తనంతట తనే వస్తాడు అన్నారు."

"కోపంగా ఉండేవారామ్మా?"

"కోపమా? ఆదివారం వస్తే పిండి ఎక్కువ రుబ్బించేవారు. పోయే ముందు ఆదివారం కూడా."

నేను రావాలని ఆయన ఆ కుర్చీ వదులుకున్నారు. ఆయన ఆ కుర్చీలో ఉన్నారని నేను రావడం వదులుకున్నాను. చూశావా, విన్నావా అని అడిగిన మనిషి దగ్గర అన్నేళ్లు చదువుకుని, క్యాంటీన్‌లో విన్న ముక్క పట్టుకుని నాలుగు నెలలు బతికాను. సూపరింటెండెంటు అబద్ధం చెప్పలేదు, అతను చూసిన రోజు ఫైల్లో ఆ పేరు ఉంది. సార్ తప్పు లేదు. నాది పూర్తిగా తప్పేనా అంటే, ఆ మొదటి మూడు నెలలూ నేను చెడ్డ పనేమీ చేయలేదు. మరి ఇంత నష్టం ఎక్కడ జరిగింది? ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి వెతికినా నాకు ఆ చోటు దొరకడం లేదు.

తర్వాత ఆదివారం ఎనిమిదింటికి మళ్లీ వెళ్లాను. ఎందుకు వెళ్లానని అడగకండి, కాళ్లు తీసుకెళ్లాయి. అపార్ట్‌మెంటు వాళ్లు నేను రాని రోజుల్లో కొత్త నియమం పెట్టుకున్నారట, వచ్చిన ప్రతివాళ్లూ రిజిస్టర్‌లో రాయాలి. మొదటి రోజు జనంలో, మూడో రోజు చుట్టాల్లో నన్నెవరూ ఆపలేదు. ఆ రోజు ఆపారు.

"పేరు, ఫ్లాట్ నంబరు, ఎవరి కోసమో రాయాలె సార్" అన్నాడు సెక్యూరిటీ ఆయన. నా పేరు రాయడం మొదలుపెట్టగానే వంగి చూసి చప్పున పెన్ను అందుకున్నాడు.

"గీ పేరు మీదేనా సార్? మీరు రాసుడు అక్కర్లేదు. పెద్దసారు చెప్పిండ్రు."

రిజిస్టర్ ముందుకు తిప్పి అట్ట లోపలి వైపు చూపించాడు. 'రాయించనక్కరలేని వాళ్లు' అని సార్ చేతిరాత. దాని కింద పాలు పోసే ఆమె పేరు, పనిమనిషి పేరు, మూడోది నా పేరు. పక్కన 'ఆదివారం, ఎనిమిదింటికి' అని ఉంది.

"పాలామె తెలుసు, పనామె తెలుసు, గీ మూడో మనిషి ఎవరా అనుకుంటుంటిమి సార్. ఒక్కసారి సుత రాకపోతిరి" అన్నాడు. పెన్ను జేబులో పెట్టుకుని, గేటు పూర్తిగా తెరిచి, నేను లోపలికి వెళ్తానని పక్కకి జరిగి నిలబడ్డాడు.