రేకు మీద నూరు మిల్లీమీటర్లు

ఆ ఇంజన్లో పిస్టన్లే ఉండవని మా మేనకోడలు చెబితే మొదట నేను నమ్మలేదు. రాజమండ్రిలో మా తమ్ముడి వర్క్‌షాపుకి పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చోవడం రిటైరైన దగ్గర్నుంచీ నాకు అలవాటు. పంపుసెట్లు, పడవ ఇంజన్లు, ట్రాక్టరు హెడ్లు విప్పుతుంటే చూశాను. అన్నిట్లోనూ పిస్టను పైకీ కిందికీ ఆడేదే. దీన్లో మాత్రం మూడు మూలల ఇనుప దిమ్మ ఒకటి, నడుం దగ్గర కాస్త నొక్కినట్టున్న గుండ్రటి గదిలో తిరుగుతుంది. దాన్ని రోటరు అంటారు. గదికి రెండు పక్కలా మూతల్లాగా ఇనుప ప్లేట్లు ఉంటాయి. గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే కన్నం ఆ ప్లేటులో ఉంటుంది. వాల్వు లేదు. తిరిగే రోటరు పక్క భాగమే ఆ కన్నాన్ని మూస్తుంది, తెరుస్తుంది.

"అయితే తూము లాంటిదేనన్నమాట," అన్నాను.

"తూమే అత్తా. దీని తలుపు తిరుగుతూ ఉంటుంది, అంతే తేడా."

కాకినాడ నుంచి ఒక డాక్టరు గారు తెచ్చిన పాత జపాను కారులోది ఆ ఇంజను. వేగంగా తిరిగేటప్పుడు దానికి ఇంకాస్త ఊపిరి అందాలని ఆయన కోరిక. అందుకు ఆ కన్నం అంచులు అరగదీసి, కాస్త ముందుగా తెరుచుకుని కాస్త ఆలస్యంగా మూసుకునేలా ఆకారం మార్చాలి. దాన్ని పోర్టింగ్ అంటారట. ఆ ఇంజన్లో అలాంటి గదులు రెండు, వాటికి మొత్తం మూడు ప్లేట్లు. ముందు ప్లేటులోనూ వెనక ప్లేటులోనూ కన్నం మార్చి, మధ్య ప్లేటు జోలికి పోకూడదని మా మేనకోడలు నిర్ణయించుకుంది.

మా తమ్ముడికి ఈ పని ఒప్పుకోవడమే ఇష్టం లేదు.

"బొక్క పెద్దది చేస్తే గాలి ఎక్కువ పీలుస్తుంది. దానికింత పురాణం ఏంటే?"

"ఎంతవరకు పెద్దది చెయ్యాలన్నదే పురాణం నాన్నా," అని ఆ పిల్ల ప్లేటు మీద వేలితో చూపించింది. పాత ప్లేటు కాబట్టి రోటరు తిరిగిన జాడలు ఇనుము మీద మెరుస్తూ కనబడుతున్నాయి. లోపలి వైపు, ఆయిలు కారకుండా ఆపే సీలు జాడ. కన్నం దాన్ని తాకితే ఆయిలు లోపలికి పోతుంది. బయటి వైపు రోటరు మూలనుండే చిన్న సీలు జాడ. ఆ సీలు కన్నం మీదుగా పోయేటప్పుడు దాని కింద ఇనుము మిగలకపోతే కన్నంలోకి దిగబడి విరుగుతుంది. అప్పుడు ఇంజనంతా పోయినట్టే. ఆ ప్లేట్లకి ఇంకో జత ఎక్కడా దొరకదని డాక్టరు గారు ముందే చెప్పారు.

"చెడిందంటే ఇంక మన షాపులో పంపుసెట్లే. ఇలాంటివి ముట్టుకోకూడదు. సరేనా?" అన్నాడు మా తమ్ముడు.

"సరే," అంది. ఎంత తొందరగా ఒప్పుకుందో చూసి నాకే భయం వేసింది. ఆ పిల్ల పెళ్లికి కూడా ఇంత తొందరగా ఒప్పుకోలేదు.

గీత గీయడం నా వంతు. నేను నీటిపారుదల శాఖలో ట్రేసరుగా పనిచేశాను. లాకులు, తూములు, కాలవ అడ్డుకోతలు, ఇంజనీర్లు పెన్సిలుతో వేసినవన్నీ సిరాతో ఎత్తి రాయడం నా ఉద్యోగం. రోహిణి కార్తె ఎండల్లో ప్లేటు మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ప్లేట్లని కదలకుండా కలిపి ఉంచే పిన్నులు దిగే రెండు రంధ్రాలు, పాత కన్నం అంచు, రెండు సీళ్ల జాడలు ఎత్తాను. వాటి మధ్య కొత్త అంచు ఎక్కడికి రావాలో లెక్కగట్టి మా మేనకోడలు చెప్పింది, నేను గీశాను. బయటి వైపు సీలు కాలు మోపడానికి ఒక మిల్లీమీటరు ఇనుము మిగిలేలా చూసుకున్నాం. కాగితం కింద అలవాటు ప్రకారం నూరు మిల్లీమీటర్ల గీతలు రెండు వేశాను, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఆఫీసులో అది లేకుండా ఏ పటమూ నా బల్ల దాటేది కాదు.

"ఇంజనుకి కూడా స్కేలు గీతా అక్కా? కాలవ తవ్వుతున్నామా?" అన్నాడు తమ్ముడు.

"నీ సుమారు నీ దగ్గర ఉంచుకో. నా కాగితానికి స్కేలుంటుంది."

ఆ ఎండల్లోనే ముందు ప్లేటు పూర్తయింది. మా మేనకోడలు గీత కనబడేలా నీలం రంగు పూసి, కాగితం అమర్చి, సూదిమొనతో గీసి, గ్రైండరుతో కోసింది. చివర్లో గీతని సగం మిగిల్చి ఫైలుతో రుద్దింది. వెనక ప్లేటు దానికి అద్దంలో బొమ్మ లాంటిది కాబట్టి కాగితం తిరగేసి వాడుకుంటే చాలు. ఈలోగా నాట్ల వేళకి ముందు పంపుసెట్ల రిపేర్లు, పడవల వాళ్ల తొందర వచ్చిపడి పని ఆగింది. మళ్లీ మొదలుపెట్టేటప్పటికి ఆషాఢం ముసురు పట్టింది.

ఒక శనివారం నేనూ మా మేనకోడలూ ఇంటికెళ్లి భోంచేసి వచ్చేసరికి మా తమ్ముడు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక ప్లేటుకి నీలం పూసి, కాగితం తిరగేసి అమర్చి, గీత గీసేశాడు. చెయ్యి ఎక్కడా వణకలేదు, శుభ్రమైన గీత.

"గీసేశానే. ఇంక నువ్వు కోసుకోవడమే," అని టీ చెప్పడానికి వీధిలోకి వెళ్లాడు. ఆ ఇంజను షాపుకొచ్చిన దగ్గర్నుంచీ తను దాని మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. మా మేనకోడలి మొహం చూస్తే ఎంత సంతోషపడిందో తెలిసింది. వెంటనే కళ్లద్దాలు పెట్టుకుని గ్రైండరు అందుకుంది.

నేను స్టీలు రూలు తీసి కాగితం మీది అడ్డగీతకి ఆనించాను. నూరు దగ్గర ఆగాల్సిన గీత ఇంకో అర మిల్లీమీటరు దాటింది. మళ్లీ పెట్టి చూశాను. అంతే ఉంది.

"ఆగవే," అన్నాను.

రూలు చూసి గ్రైండరు కింద పెట్టింది. సీలు కాలు మోపే ఇనుములో సగానికి పైగా తమ్ముడి గీతకి కోసే వైపు పడింది. అక్కడిదాకా కోస్తే ప్లేటు పోతుంది.

"అత్తా, నాన్నకి నువ్వు చెప్పవా? నేను చెబితే మళ్లీ దీని జోలికి రాడు."

"పని ఒప్పుకున్నది నువ్వు. నువ్వే చెప్పాలి."

మా తమ్ముడు టీ గ్లాసులు తెచ్చాడు. ఆ పిల్ల గ్లాసు అందుకోకుండా రూలూ కాగితమూ తండ్రి ముందు పెట్టింది.

"నాన్నా, ఈ గీత ఎంతుందో ఒకసారి చదువు."

"నా కళ్లకి పరీక్షా? ఎటకారంగా ఉందా?"

"చదువు నాన్నా."

వంగి చూశాడు. "నూరు... కాదు. నూరు మీద అర దాటింది. అక్కా, నువ్వు ఎంత గీశావు?"

"నూరు."

"మరి కాగితం పెరుగుతుందా?"

"ముసురు పడితే మన వీధి తలుపు బిగుసుకోవట్లేదూ? ఇదీ అంతే, తేమ పీలుస్తుంది."

నిలువు గీతకి రూలు తనే పెట్టాడు. అది పావు మిల్లీమీటరు కూడా పెరగలేదు. "ఓ పక్క ఎక్కువ, ఓ పక్క తక్కువ. అయితే లెక్కేసి సరిచేద్దామన్నా కుదరదు," అన్నాడు. తర్వాత కాసేపు తన గీత వైపే చూశాడు.

"మీ అత్త కాగితం కూడా మీ అత్త లాంటిదే. చలిగాలి తగిలితే మాట వినదు," అన్నాడు.

గుడ్డ మీద థిన్నరు పోసి, నీలం రంగూ తన గీతా తనే తుడిచేశాడు. మా మేనకోడలు అప్పుడు టీ గ్లాసు తీసుకుంది.

సోమవారం బోర్డులు రాసే షాపు నుంచి అల్యూమినియం రేకు ముక్క ఒకటి పట్టుకొచ్చాడు. కోయడం పూర్తయిన ముందు ప్లేటు మీద దాన్ని బిగించి, పిన్నుల రంధ్రాలు వేసి, కన్నం ఆకారం దాని మీదికి ఎత్తి, ఫైలుతో కొంచెం కొంచెంగా రుద్ది అంచుకి అంచు కలిసేదాకా కూర్చున్నాడు. దాన్ని తిరగేసి వెనక ప్లేటు మీద పెట్టి మా మేనకోడలు గీసింది. కోసింది కూడా తనే. మా తమ్ముడు లైటు పట్టుకున్నాడు.

ఇంజను కారులో బిగించి మొదటిసారి స్టార్టు చేసిన రోజు డాక్టరు గారు వచ్చారు. నెమ్మదిగా ఉన్నంతసేపూ అది ఎగిరెగిరి పడుతున్నట్టు మోగింది. మా తమ్ముడి మొహం పాలిపోయింది.

"మిస్సు కొడుతోందే!"

"కింద స్పీడులో అలాగే తడబడుతుంది నాన్నా. పైకి వెళ్లనీ." యాక్సిలరేటరు తొక్కింది. తడబాటు పోయి ఒకటే ధార అయింది. అవతలి సందులో కుక్కలు మొరిగాయి. మా తమ్ముడు బానెట్టు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు.

"కోసిందెవరండీ?" అని డాక్టరు గారు అడిగారు.

"మా అమ్మాయండి. గీతలు మా అక్క గారివండి. నేను చెరిపానండి, అంతే."

ఇప్పుడు ఆ రేకు షాపులో పంపుసెట్ల గాస్కెట్ల పక్కన మేకుకి వేలాడుతోంది. డాక్టరు గారి స్నేహితుడి ఇంజను వస్తుందని దానికోసం మా తమ్ముడు ఒక బల్ల ఖాళీ చేయించాడు. మొన్న నేను రేకు తీసి చూస్తే కింద అంచున సూదిమొనతో గీసిన గీతలు రెండు కనిపించాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా.

"రేకు తేమ పీల్చదు కదరా, దీనికెందుకు?" అన్నాను.

"నువ్వు రూలు పెట్టుకోవడానికక్కా. లేకపోతే ఊరుకుంటావా?"

పెట్టి చూశాను. రెండూ నూరే ఉన్నాయి.