పసుపు కింద పాస్‌వర్డ్

పరదేశి గారిది చీపురుపల్లి పక్క పల్లె. మీసాలు సరిగా రాని వయసులో మేనమామ వెంట రాయపూర్ వచ్చి, రైల్వే వాగన్ రిపేరు షాపులో ఖలాసీగా చేరారు. ఫిట్టరై, అక్కడే రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేశాక డబ్ల్యూఆర్ఎస్ కాలనీ గోడకి ఆనుకున్న గల్లీలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఇంటి ముందు బోరు వేయించారు. ఎండాకాలం మునిసిపాలిటీ కుళాయిలు ఆగిపోతే, ఆ బోరు నుంచి రబ్బరు పైపు గేటు బయటికి వచ్చి ఉంటుంది. పట్టుకునేవాళ్ళు పట్టుకుంటారు. ఆయన వాకిట్లో కూర్చుని, పైపు నేల మీద పడితే లేచి సరిచేస్తారు.

వైఫై కూడా అలాగే బయటికి పోయింది. కరోనా ఏడాది మనవరాలు ఫణిశ్రీ చదువు కోసం పెట్టించారు. కొడుకు మహేంద్రకి బిలాస్‌పూర్‌లో డ్యూటీ. కూతుర్ని కాలేజీ కోసమని తన తల్లిదండ్రుల దగ్గరే ఉంచాడు. ఆ గల్లీలో ఫోన్ సిగ్నల్ గుమ్మం దాటి లోపలికి రాదు. అందుకని పక్కింటి నర్సు సుశీల ఒకరోజు మొహమాటపడుతూ అడిగింది. పరదేశి గారు వైఫై డబ్బా తెచ్చి ఆమె చేతిలోనే పెట్టారు, "ఇదిగో, అడుగున కాయితం మీద ఏటో రాసుంది సూడమ్మా" అని. తర్వాత టీ కొట్టు బంగారయ్యకీ అలాగే చూపించారు. ఒకసారి ఫోన్లో కొడితే చాలు, ఆ తర్వాత ఫోనే గుర్తుపెట్టుకుంటుంది కదా. ఆ అక్షరాలు మనుషులెవరికీ గుర్తులేకుండా పోయాయి.

ఈ సంగతి రెండువేల ఇరవైమూడు అక్టోబరులో బయటపడింది. ఫణిశ్రీ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించింది. శంకర్ నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ళు గురువారం పొద్దున వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారు. అంతకుముందు రెండు చోట్ల కాదన్నారు. ఈసారీ కాకపోతే బిలాస్‌పూర్ వచ్చెయ్యమని, పెళ్ళి సంబంధాలు చూద్దామని తండ్రి ఫోన్లో చెప్పాడు. గట్టిగా ఏమీ చెప్పలేదు, మామూలుగానే చెప్పాడు. కానీ ఆ పిల్ల ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది.

మంగళవారం ఆమె ఫోను బట్టల బకెట్లో పడింది. మళ్ళీ వెలగలేదు. స్నేహితురాలు చాందిని తన ల్యాప్‌టాప్ ఇచ్చింది. అది వైఫై పాస్‌వర్డ్ అడిగింది. ఇంట్లో మిగిలినవి తాతది ఒకటీ, నానమ్మది ఒకటీ బటన్ ఫోన్లు.

ఫణిశ్రీ డబ్బా తిరగేసి చూసింది. అడుగున అంటించిన కాగితం పసుపు ముద్దగా ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు. గోటితో గీకితే పసుపుతో పాటు కాగితం పొరా లేచి వచ్చింది.

"తాతా! ఇదేటిది?"

"విశ్వకర్మ పూజకి పెట్టిందేనే."

వాగన్ షాపులో విశ్వకర్మ పూజ పెద్ద పండగ. ఆ రోజు పని ఆపి, సుత్తీ స్పానరూ దగ్గర నుంచి క్రేన్ దాకా కడిగి బొట్టు పెడతారు. ఇంటిల్లిపాదినీ లోపలికి రానిస్తారు. రిటైరయ్యాక పరదేశి గారు ఆ పూజ ఇంట్లోనే చేస్తున్నారు. మోటారు, మిక్సీ, కుట్టుమిషను, వాటితో పాటు వైఫై డబ్బా. నల్ల ప్లాస్టిక్ మీద పసుపు నిలవదు. అడుగున కాగితం మీద చక్కగా పడుతుంది. అందుకని ఏటేటా తడిగుడ్డతో తుడిచి, అక్కడే పెట్టారు.

నానమ్మ అప్పలనరసమ్మ గారు వంటింట్లోంచే అందుకున్నారు. "దేవుడికెట్టమంటే కాయితానికెట్టీసినాడు. గుంట నౌకరీకి ఈయనే అడ్డుపడతన్నాడు."

"నువ్వూరుకోయే. పని సేసేదానికి దండమెట్టడం తప్పేటి?"

"నేనేటన్నాను? దండమెట్టు. మూతి మీద పసుపు పులమొద్దన్నాను."

ఫణిశ్రీకి నవ్వు రాలేదు. వెనక చిన్న రంధ్రంలో సూది గుచ్చి నొక్కితే డబ్బా కొత్తదానిలా అవుతుందని ఆమెకి తెలుసు. కానీ అలా చేస్తే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు పెట్టిన సెట్టింగులూ చెరిగిపోవచ్చు. అవి పెట్టిన మనిషి దసరాకి ఊరెళ్ళాడు. "ఆఖరికి అదే చెయ్యాలేమో తాతా, అప్పుడు పూరా బంద్ అయిపోతే?" అంది.

సాయంత్రం సుశీల డ్యూటీ దిగి వచ్చింది. గల్లీలో ఎవరి మొహం వాడినా ముందు ఆమెకే కనిపిస్తుంది. సంగతి విని, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి ఫోన్ తీసింది.

"నాకూ గుర్తులేదు గానీ బాబాయ్ గారూ, దీనికి గుర్తుండే ఉంటుందండీ."

"అది నోరిప్పి సెప్తాదేటమ్మా?"

"అడిగితే చెబుద్దండీ. ఇది మీరిచ్చిందే కదా."

ఫణిశ్రీ ఆ ఫోన్లో సెట్టింగులు తెరిచి, వైఫైలోకి వెళ్ళి, తమ ఇంటి పేరు మీద నొక్కింది. షేర్ అన్న గుర్తు నొక్కితే ఫోను సుశీల వేలిముద్ర అడిగింది. వేలు పెట్టగానే నల్లని గళ్ళ బొమ్మ వచ్చింది. దాని కింద సన్నని అక్షరాల్లో పాస్‌వర్డ్. ల్యాప్‌టాప్‌లో కొట్టగానే అందుకుంది.

"ప్రభువు చిత్తం," అంది సుశీల. "అప్పన్న దయ," అన్నారు పరదేశి గారు. అప్పుడు ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది. అప్పలనరసమ్మ గారు టీ ఇచ్చారు.

అక్కడితో అయిపోలేదు. చాందినితో వీడియో కలిపి చూస్తే, మాట ముందూ బొమ్మ వెనకా వస్తోంది. ఉండుండి చాందిని నోరు తెరిచి అలాగే ఆగిపోతోంది. ఫణిశ్రీ రౌటర్ తాలూకు పేజీ తెరిచింది. లోపలికి పోవడానికి అది అడిగిన పేరూ పాస్‌వర్డూ రెండూ అడ్మిన్ అనే మాటే. డబ్బా వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, ఎవరూ మార్చలేదు. లోపల ఎవరెవరు వాడుతున్నారో వరసగా ఉంది. కిందికి జరిపేకొద్దీ ఇంకా ఉంది.

"తాతా, నువ్వు ఇద్దరికే కదా ఇచ్చావు. వాళ్ళు ఇంకొకళ్ళకి, వాళ్ళు మరొకళ్ళకి. ఇలా తెరిచి పెడితే మన పేరు మీద ఎవరేం తప్పుడు పని చేసినా మనల్నే అడుగుతారు. అందర్నీ తీసేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టేస్తాను."

"ఇచ్చినది లాక్కుంటామేటే?"

"మరి గురువారం నా బొమ్మ ఆగిపోతే?"

ఆయన కండువా దులుపుకుని బయటికి వెళ్ళారు.

ఇంటి వెనక కాలనీ గోడ మీద ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు. మహాసముంద్ వైపు నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలు. ఒకతను ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఛత్తీస్‌గఢీలో చిన్న పిల్లని ఏమి తిన్నావని అడుగుతున్నాడు. పేరు వీరేంద్ర. ఆయన్ని చూసి గోడ దిగాడు.

"బాబూజీ, ఇల్లు మీదేనా? టీ కొట్టు దగ్గర చెప్పారు. తప్పయితే మానేస్తాం," అన్నాడు హిందీలో.

"కూర్చో బాబూ, బిడ్డ ఎదురు సూస్తంది," అని ఆయనా హిందీలోనే అని, ఇంటికి వచ్చేశారు.

వచ్చి మనవరాలి పక్కన కూర్చుని, చూసింది చెప్పారు. ఫణిశ్రీ ఆ పేజీలో వెతికి, అతిథులకి వేరే పేరుతో వేరే దారి పెట్టే వీలుందని చూపించింది. ఇంటి దారి ఇంటివాళ్ళకే ఉంటుంది. అతిథులు అందులోకి రాలేరు. కావాలంటే ఆ దారికి వేగం తగ్గించవచ్చు, మూసి తెరవవచ్చు.

"అంటే బోరు మనది, పైపు గేటు బయట," అన్నారు ఆయన.

"అంతే తాతా. కానీ గురువారం ఇంటర్వ్యూ అయ్యేదాకా పైపు బంద్."

"ఆ మాట నేనే సెప్తాను. సెప్పకుండా కట్టీవొద్దు."

బుధవారం పొద్దున టీ కొట్టుకీ, సాయంత్రం గోడ దగ్గరికీ వెళ్ళి చెప్పారు. మా గుంటకి ఇంటర్వ్యూ ఉంది, అది అయ్యాక కొత్తది నేనే వచ్చి చెప్తాను, ఈసారి ఎవరికి కావాలన్నా నన్నే అడగండి అని. ఆ తర్వాత ఫణిశ్రీ అడ్మిన్ అన్న పాస్‌వర్డ్ మార్చింది, ఇంటి పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టింది, అతిథుల దారి ఏర్పాటు చేసి మూసి ఉంచింది. డబ్బాని ముందుగదిలో ఎత్తున పెట్టింది.

గురువారం ఆమె తలుపు వేసుకుని కూర్చుంది. అప్పలనరసమ్మ గారు మిక్సీ వెయ్యకుండా పచ్చడి రోట్లో నూరబోయి, చప్పుడవుతుందని అదీ ఆపేశారు. పరదేశి గారు వాకిట్లో కళ్ళు మూసుకుని సింహాద్రి అప్పన్నని తలుచుకుంటున్నారు. లోపలి నుంచి ఫణిశ్రీ గొంతు ఎక్కడా తెగకుండా వినిపించింది.

తలుపు తీసి, "సోమవారం సర్టిఫికెట్లు పట్టుకుని రమ్మన్నారు తాతా, చేరడానికే," అంది.

ఆయన లేచి దేవుడి గూటి ముందు కాసేపు నిలబడ్డారు. సాయంత్రం అతిథుల పాస్‌వర్డ్ రెండు మూడుసార్లు నోట్లో వల్లించుకుని గోడ దగ్గరికి వెళ్ళారు. కూలీలు కూర్చునే ఉన్నారు. ఫోన్లు జేబుల్లోనే ఉన్నాయి. ఆయన నోరు తెరవకముందే వీరేంద్ర దిగి ఎదురొచ్చాడు.

"బాబూజీ, బిటియా ఇంటర్వ్యూ ఏమైంది?"

ఆయన ముందు ఆ సంగతి చెప్పారు. పాస్‌వర్డ్ తర్వాత చెప్పారు.